ఇంటికి మరలిన పాట

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. కెనడా గాయని సెలీన్ డియోన్ విషయమున ఈ సామెతను ఎటునుండి ఎటు చదువవలెనో తెలియదు. ఇంటిని ఆమె చిన్ననాడే గెలిచినది. 1994లో అమెరికాలోను, 1995 మొదట ఇంగ్లండులోను ఆమె ఆంగ్ల గీతములు ప్రథమస్థానము నందుకొన్నవి. అనగా రచ్చయు గెలిచినది. అట్టి వేళ, వెనువెంటనే మరియొక ఆంగ్ల సంపుటిని వెలువరించి లాభము గడింపవలసియుండగా, ఆమె 1995 మార్చి నెల చివర పండ్రెండు ఫ్రెంచి పాటల సంపుటిని లోకమున కిచ్చి, ఆ పాటలను వెంటబెట్టుకొని కచేరీ యాత్రకు బయలుదేరినది. ఆ సంపుటి పేరు 'దో'. వ్రాతలో దాని అర్థము 'వారిని గూర్చి' అని. వినికిడిలో 'రెండు' అని. హిందీ వచ్చిన పాఠకునకు ఈ రెండవ అర్థమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందులో విశేషమేమని అడుగవచ్చును. ఫ్రెంచి ఏమంత చిన్న భాష? విక్టర్ హ్యూగో వ్రాసిన భాషయే కదా! నిజమే. కాని సెలీన్ పుట్టిన క్వెబెక్ రాష్ట్రమున ఆ భాష బ్రతుకు వేరు. చుట్టును ఆంగ్లము మాటలాడు ఖండము. నడుమ ఒక దీవివలె ఫ్రెంచి మాటలాడు జనము. తమ కార్యాలయములలోను, కర్మాగారములలోను, పాఠశాలలలోను తమ భాషయే నిలుచుటకై వారు 1977లో ప్రత్యేకముగా భాషాశాసనము చేసికొనిరి. అట్టి చోట గాయని ఏ భాషలో పాడునన్నది కేవలము అభిరుచికి సంబంధించిన విషయము కాదు.

సెలీన్ 1968లో మాంట్రియల్ సమీపమున ఒక చిన్న ఊరిలో పదునలుగురు బిడ్డలలో కడగొట్టుదిగా పుట్టినది. పండ్రెండేండ్ల వయస్సున పాడిన తొలి పాటకు మాటలు కూర్చినది తల్లియే. ఆ గొంతు విని, రెనే ఆంజెలిల్ అను సంగీత నిర్వాహకుడు తన ఇల్లు తాకట్టు పెట్టి మొదటి రికార్డునకు ధనము సమకూర్చెను. 1988లో డబ్లిన్ నగరమందు జరిగిన యూరోవిజన్ పోటీలో ఆమె స్విట్జర్లండు పక్షమున పాడి, ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచినది. కెనడా పిల్ల, స్విస్ జెండా, ఐర్లండు వేదిక, ఫ్రెంచి పాట! అప్పటికింకను ఆమెకు ఆంగ్లము సరిగా రాదు. మరుసటి యేట బెర్లిట్జ్ పాఠశాలలో చేరి నేర్చుకొనినది. 1990లో తొలి ఆంగ్ల సంపుటిని వెలువరించినది.

ఆ యేటనే ఒక చిన్న సంఘటన జరిగినది. క్వెబెక్ సంగీతపరిశ్రమవారు ఏటేట ఇచ్చు 'ఫేలిక్స్' బహుమతులలో, ఆంగ్ల కళాకారులకు కేటాయించిన దానిని ఆమెకు ప్రకటించిరి. ఆమె వేదిక నెక్కి దానిని నిరాకరించినది. తాను ఆంగ్లములో పాడినంత మాత్రమున ఆంగ్ల గాయనిని కానని, ఎక్కడ పాడినను క్వెబెక్ బిడ్డనేనని ఆమె చెప్పిన మాటల సారము. ఇది అభిమానమా, లౌక్యమా అని తర్కించినవారును ఉండవచ్చును. నా మటుకు, రెండును కలిసియుండుటలో తప్పు కనిపింపదు.

1995నాటి సంపుటికి పాటలు సమకూర్చినవాడు జాన్-జాక్ గోల్డ్‌మన్. ఈయన పారిసునందు పుట్టినవాడు, స్వయముగ పేరుమోసిన గాయకుడు. ఆయన చేసిన పనిలో పాటలు కట్టుట ఒక పాలు మాత్రమే. ఆ గొంతును అణచుట రెండవ పాలు. అణచుట యనగా చెడగొట్టుట కాదు. ఆంగ్ల గీతములలో సెలీన్ గానము కొండ యెక్కుటవంటిది. చరణము చరణమునకు మెట్లెక్కి, కడపట శ్రుతి మార్చి, శిఖరముపై నిలిచి గొంతెత్తి కేకవేయును. క్రింద నున్న జనము చప్పట్లు కొట్టును. గోల్డ్‌మన్ ఆమెను కొండ దింపి, ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషితో మాటలాడునట్లు పాడుమనెను. తక్కువగా పాడుటను ఆయన వద్ద నేర్చుకొంటినని ఆమెయే తరువాత చెప్పుకొనినది. ఉన్న బలమును దాచుకొని పాడుట, లేని బలమును తెచ్చుకొని పాడుటకంటె కష్టమని పాటకు లందరును ఎరుగుదురు.

ఆ సంపుటిలో ప్రసిద్ధి కెక్కిన పాట, ప్రియుని ప్రేమను మరల సంపాదించుటకై ఏ మాయకైనను, ఏ మంత్రమునకైనను సిద్ధపడిన స్త్రీ వేడికోలు. అది ఫ్రాన్సులో పండ్రెండు వారములు మొదటి స్థానమున నిలిచినది. ఇంగ్లండులో సైతము ఏడవ స్థానమునకు చేరినది. పాటలోని మాట తెలియని శ్రోతలు అంతమంది దానిని కొనుక్కొని వినుట అచట అరుదైన విషయము. ఇక సంపుటి ఫ్రాన్సులో 44 వారములు అగ్రస్థానమున నుండి, ఆ దేశములోనే సుమారు 45 లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. ప్రపంచ మంతటను కోటి దాటినది. ఫ్రెంచి సంపుటులలో దీనిని మించి అమ్ముడుపోయినది లేదు.

ఈ అంకెల ప్రక్కన మరియొక అంకె నుంచి చూడవలెను. ఫ్రాన్సు పార్లమెంటు 1994లో ఒక చట్టము చేసి, రేడియోలో ప్రసారమగు పాటలలో నూటికి 40 ఫ్రెంచి పాటలే ఉండవలెనని విధించెను. అది 1996 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. హ్యూగో పుట్టిన దేశమునకే అమెరికా పాటల వెల్లువనుండి తన భాషను కాపాడుకొనుటకు శాసనము కావలసి వచ్చినది. ఆ చట్టము అమలులోనికి రాకమునుపే, సముద్రమున కావలినుండి వచ్చిన ఒక గాయని వారి భాషలో పాడి ఇంటింటను వినిపించినది. ఆ కాలముననే క్వెబెక్ ప్రజలు తమ రాష్ట్రము కెనడానుండి విడిపోవలెనా వలదా యని 1995 అక్టోబరు 30న ఓటు వేసిరి. వలదన్నవారు నూటికి ఏబదికి రవంత మించి గెలిచిరి.

ఇట్టి కాలములో ఆమె చేసిన యాత్ర 1995 చివరి మాసములనుండి 1996 మొదటి మాసములవరకు ప్రధానముగ ఐరోపాలో సాగినది. రికార్డులమ్ముటకు వేసిన యాత్రయే. అందు దాపరికము లేదు. ఏ నగరమున కచేరి జరిగిన ఆ నగరమున సంపుటి మరికొంత అమ్ముడుపోవును. కాని యంత్రములో పాట పదింబదిమార్లు విన్నవారు వేదికయెదుట కోరునది వేరు. పారిస్ లోని జెనిత్ భవనమందు చేసిన కచేరి రికార్డు 1996లో వెలువడినది. దానిని విన్నచో ఆ రాత్రుల స్వభావము కొంత తెలియును. ఫ్రెంచి పాటలే ఎక్కువ. అయినను ఆంగ్లముననే పేరు తెచ్చిన ప్రేమగీతము నామె వదలలేదు. ఇది కొందరికి రుచింపలేదేమో. నాకు మాత్రము నిజాయితీగ తోచినది. రెండు భాషలలో బ్రతికిన మనిషి ఒకదానిని దాచి, రెండవదే తనదని నటింపనేల?

నడుమ గోల్డ్‌మన్ వేదికపైకి వచ్చి రెండు యుగళగీతములు పాడును. ఆయన గొంతు సన్నము, కొంత గరుకు. దాని ప్రక్కన ఆమె తన స్వరమును తగ్గించుకొనుట స్పష్టముగ వినవచ్చును. తరువాత బెల్జియము కవిగాయకుడు జాక్ బ్రెల్ పాట నొకటి ఎత్తుకొనును. క్వెబెక్ గాయని, పారిస్ రచయిత, బెల్జియము పాట: ఫ్రెంచి యొక్క దేశము సొత్తు కాదని చెప్పుటకు ఉపన్యాసము అక్కరలేకపోయినది. ముగింపునకు చేరువలో పాడిన పాట ఇంకొక విధము. చిన్న వయస్సుననే వ్యాధితో మరణించిన మేనకోడలిని తలచుకొని పాడినది. ఎగిరిపొమ్మని వీడ్కోలు చెప్పు ఆ పాటలో కొండయెక్కు గానము లేదు, శిఖరము లేదు. ఇదే పాటను 1996 మార్చిలో వెలువడిన ఆంగ్ల సంపుటిలోను ఆమె పాడినది. రెంటిని వరుసగా వినిచూడుడు. రాగమొక్కటే, గొంతొక్కటే, కాని ఆంగ్లములో అది చక్కగ పాడిన పాట, ఫ్రెంచిలో ఒక ఇంటి దుఃఖము.

ఆ ఆంగ్ల సంపుటికి 1997లో గ్రామీ పురస్కారము, అదే యేట 'టైటానిక్' చిత్రగీతము, తరువాత లాస్ వేగాస్ నగరమున ఏండ్లతరబడి కచేరీలు: ఈ కథ అందరెరిగినదే. దాని నడుమ ఆమె కొన్నేండ్లకొకసారి ఫ్రెంచి సంపుటి యొకటి వెలువరించుచునే వచ్చినది. 1998నాటి దానిని మరల గోల్డ్‌మనే రచించెను. 2012నాటి ఫ్రెంచి సంపుటి తరువాత, 2013 చివర ఆమె మరల ఐరోపా కచేరీలకు వెడలినది.

2022 డిసెంబరులో, కండరములను బిగుసుకొనిపోవునట్లు చేయు అరుదైన నాడీవ్యాధి తనకున్నదని ఆమె ప్రకటించినది. పాడుట నిలిచిపోయినది. 2024 జూలై 26న, ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవపు రాత్రి, వానలో తడిసిన ఈఫిల్ గోపురముపై నిలిచి ఆమె మరల గొంతెత్తినది. ఆ రాత్రి పాడినది ఎడిత్ పియాఫ్ రచించిన ప్రేమగీతము.