రెండు స్టేషన్ల నడుమ ఓరుగంటి ప్రయాణికుడు

2025 మే 22వ తేదీన వరంగల్లు రైల్వే స్టేషను నూతనవేషముతో ప్రజల కంకితము చేయబడినది. 25 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో, కాకతీయశిల్పమును స్మరింపజేయు ముఖద్వారముతో నది నేడు చూపరులకు కన్నులపండువుగా నున్నది. మేమును సంతసించితిమి. అయితే స్టేషను బాగోగులు తేల్చవలసినది వీథిలో నిలిచి చూచువాడు కాడు, మూట నెత్తిన బెట్టుకొని లోపల నడచువాడు. వాని కష్టము ద్వారముకడ గాక పట్టాలయందే మొదలగుచున్నది.

ఈ నగరమునకు స్టేషన్లు రెండు. వరంగల్లు ఒకటి, కాజీపేట మరియొకటి. నడుమ సుమారు 10 కిలోమీటర్ల దూరము. ఆ దూరములోనే హనుమకొండ. నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వేవారు సికిందరాబాదునుండి 1886లో వరంగల్లువరకును, 1889లో బెజవాడవరకును దారి వేసిరి. 1929లో కాజీపేట-బల్హార్షా మార్గము పూర్తికాగా ఢిల్లీ మద్రాసులకు సూటిదారి యేర్పడినది. ఈ దారులు కలియుచోట పట్టాలు ముక్కోణమై యున్నవి. అందుచేత సికిందరాబాదునుండి ఢిల్లీకి బోవు తెలంగాణా ఎక్స్‌ప్రెసు కాజీపేటలో నాగి ఉత్తరమునకు దిరుగును. వరంగల్లు మొగము చూడదు. చెన్నైనుండి ఢిల్లీకి బోవు తమిళనాడు, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెసులు వరంగల్లులో నాగి, కాజీపేట స్టేషనును ప్రక్కకు వదలి, మూడవ భుజముమీదుగా సాగిపోవును. గుంటూరు సికిందరాబాదుల నడుమ దిరుగు గోల్కొండ ఎక్స్‌ప్రెసు వంటి బండ్లకు మాత్రము రెండును దారిలోనివే.

ఇంజనీర్ల దృష్టిలో నిది చక్కని యేర్పాటు. ఇంజనును త్రిప్పి కట్టవలసిన పని తప్పును; కాలము కలిసివచ్చును. ప్రయాణికునకో? "స్టేషనుకు పోవుచున్నాము" అని యెవరైన ననినచో "ఏ స్టేషనుకు?" అని యడుగుట ఈ నగరమున సహజము. ఎనుమాముల మార్కెట్టులో మిరపకాయ లమ్ముకొని, ఢిల్లీలో నున్న కుమారుని జూడ బయలుదేరిన రైతు నొకని నూహింపుడు. వానికి స్టేషనన్న వరంగల్లే. అచట దిగినపిదప ఆటోవాడు "తాతా, నీ బండి గిటు రాదు, కాజీపేటకు పోవాలె" అని చెప్పువరకు వానికి సంగతి తెలియదు. అప్పటికి బండివేళ సమీపించును. ఆటోవాడడిగినంత యీయక గతిలేదు. చదువుకొన్నవారికిని చిక్కు లేకపోలేదు. తెలంగాణాలో నెక్కి తమిళనాడులో దిరిగివచ్చినవాడు మోటారుసైకిలును కాజీపేటలో నుంచి, తాను వరంగల్లులో దిగును!

రెండేండ్లకొకమారు జరుగు మేడారము జాతరలో నీ చిక్కు వేలకొలది జనులకు సంక్రమించును. మేడారమునకు రైలుదారి లేదు. దూరదేశములనుండి ప్రత్యేకపు బండ్లలో వచ్చు భక్తులు ఈ రెండు స్టేషన్లలోనే దిగి బస్సులెక్కవలెను. పసిపిల్లలతో, బంగారమని పిలుచుకొను బెల్లముతో దిగినవారికి తాము దిగిన దేయూరో, బస్సు దొరకు తావెక్కడో చెప్పువారు కావలెను. కొత్తవారు తిరుగుప్రయాణములో రెండవ స్టేషనుకు బోయి బండి తప్పించుకొనుటకు ఒక్క మాట పొరపాటు చాలును.

మూడవ తరగతి ప్రయాణికుల యవస్థలనుగూర్చి 1917లో గాంధీమహాత్ముడు పత్రికలకు లేఖ వ్రాసెను. 1974లో మూడవ తరగతియను పేరు పోయినది. ఆ తరగతి మనుష్యులు పోలేదు. 2023 జనవరిలో సికిందరాబాదు విశాఖపట్టణముల నడుమ వెలసిన వందే భారత్ వరంగల్లులో నాగుచున్నది గాని, అందు రిజర్వేషను లేనివారికి పెట్టె యొక్కటియు లేదు. 60 ఏండ్లు దాటిన పురుషులకు నూటికి 40 వంతులు, 58 ఏండ్లు దాటిన స్త్రీలకు 50 వంతులు చొప్పున నిచ్చుచుండిన చార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిరి. అంటురోగకాలమున వృద్ధుల ప్రయాణమును తగ్గించుటకని యన్నారు. ఆ కారణము తొలగినను రాయితీని తిరిగి యిచ్చుటకు తొందర కానరాలేదు. స్తంభములకు శిల్పము చెక్కించుటకు డబ్బు దొరకినచోట ముసలివాని టిక్కెట్టుకు దొరకదనుట మాకు మింగుడుపడదు.

మే మడుగునది మరియొక శిల్పద్వారము గాదు. ఢిల్లీ టిక్కెట్టు కొనువానికి కిటికీవద్దనే, బండి వరంగల్లుదో కాజీపేటదో తెలుగులో నోటితో చెప్పవలెను. ఏ బండి యెచట నాగునో పెద్దయక్షరములతో రెండు స్టేషన్ల గుమ్మములకును పలక కట్టవలెను. రెంటి నడుమ బస్సులు అర్ధరాత్రి దిగువారికిని అందునట్లు రైల్వేవారును ఆర్.టి.సి. వారును కూర్చుండి వేళలు నిర్ణయింపవలెను. వీనిలో దేనికిని కోట్ల యవసరము లేదు.