శోధ్‌గంగలో దొరికిన అమ్మ పాట

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్ఫయి ఏళ్లకు పైగా ఓచర్లు, లెడ్జర్లు చూస్తూ గడిపినవాణ్ణి. ఇల్లు హోసూరులో, ఉద్యోగం కృష్ణగిరిలో. ఇలాంటివాడు పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. దీని వెనక మా ఇంటి సంగతి ఒకటి ఉంది. ముందు అది చెబుతాను.

1984 వేసవి. నేను ప్లస్ టూ పరీక్షలు రాసి ఇంటి దగ్గర ఉన్నాను. డెంకణికోట దగ్గరి మా పల్లెకు ఏదో విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చారు. భుజాన సంచి, సంచిలో టేప్ రికార్డరు. నాట్ల పాటలు, రాగులు విసిరేటప్పటి పాటలు ఎవరికి వస్తాయని అడిగితే ఊరివాళ్లు మా ఇల్లు చూపించారు. రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మ ఆమెకు రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. పగలు పని చేసుకుంటూ, రాత్రి దీపం దగ్గర కూర్చుని పాడింది. ఆమె వెళ్లేటప్పుడు అమ్మ ఒక్కటే అడిగింది: "పుస్తకమైతే ఒకటి పంపు తల్లీ. నాకు చదవను రాదు. మా పిల్లోళ్లు చదివి చెప్తారు." ఆమె తప్పకుండా పంపుతానన్నారు.

పుస్తకం రాలేదు. రెండేళ్లపాటు పోస్టుమ్యాన్ కనబడినప్పుడల్లా అమ్మ అడిగేది. నాకప్పుడు కాలేజీ తెలివి. "నీ పాటలతో ఆయమ్మకు ఉద్యోగం వచ్చుంటుంది. ఇంక నిన్నెందుకు తలుచుకుంటుంది?" అని ఎగతాళి చేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ తర్వాత అమ్మ ఎవరడిగినా పాడలేదు. 2011లో పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఒక్క క్యాసెట్టులో కూడా లేదు.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. మాటల్లో ఈ సంగతి వస్తే, "నాన్నా, ఆమె పిహెచ్.డి. కోసమే వచ్చి ఉంటే శోధ్‌గంగలో ఉండొచ్చు కదా, చూద్దామా?" అంది. శోధ్‌గంగ పేరు నేను వినడం అదే మొదటిసారి.

శోధ్‌గంగ అంటే ఏమిటి?

గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రం ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను ఒకదానితో ఒకటి కలపడం కోసం యు.జి.సి. ఏర్పాటు చేసిన సంస్థ అది. పరిశోధన గ్రంథాల కోసం అది నడుపుతున్న ఖజానాయే శోధ్‌గంగ. హిందీలో 'శోధ్' అంటే పరిశోధన. పిహెచ్.డి. గ్రంథాన్ని కంప్యూటర్ ప్రతిగా కూడా ఇవ్వాలని యు.జి.సి. 2009లో నిబంధన పెట్టింది. అలా వచ్చినవాటితో పాటు కొన్ని విశ్వవిద్యాలయాలు తమ పాత గ్రంథాలను కూడా స్కాన్ చేసి ఇచ్చాయి. ఇప్పుడు అందులో ఐదు లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. చదవడానికి పైసా కట్టనక్కరలేదు.

అంతకుముందు పరిస్థితి వేరు. సిద్ధాంత గ్రంథమంటే టైపు చేయించి, కార్బన్ పెట్టి తీసిన నాలుగైదు ప్రతులే. పరీక్షకులకు పోగా ఒకటి విశ్వవిద్యాలయం బీరువాలో చేరేది. అది చూడాలంటే ఆ ఊరు వెళ్లాలి, పరిచయం ఉత్తరం చూపాలి, అక్కడే కూర్చుని రాసుకోవాలి. హోసూరు వాళ్లకు తెలుగు శాఖ కావాలంటే బెంగళూరు, మద్రాసు, మదురై, తిరుపతి. కృష్ణగిరికి పొరుగున కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది 1997లోనే. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఈ గ్రంథాలన్నీ ఎవరూ వచ్చి అడగని డిపాజిట్లు. సొమ్ము భద్రంగానే ఉంది, వారసులకే తెలియదు.

బయటి దేశాలలోనూ ఇది మరీ పాతదేమీ కాదు. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1997లో కంప్యూటర్ ప్రతిని తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఓ.ఎ.టి.డి. అనే చోట వెతికితే ప్రపంచంలోని చాలా విశ్వవిద్యాలయాల ఉచిత గ్రంథాల జాడ ఒక్కసారే తెలుస్తుంది. బ్రిటిష్ లైబ్రరీకి ఈథాస్ అనే ఇలాంటి ఖజానా ఉండేది. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ కంప్యూటర్ల మీద దాడి జరిగి అది చాలాకాలం అందకుండా పోయింది. అందుచేత మీకు కావలసింది దొరికితే వెంటనే ఒక ప్రతి దించుకుని దాచుకోండి.

మేము వెతికిన తీరు

మాకు ఆ పరిశోధకురాలి పేరు గుర్తులేదు. విశ్వవిద్యాలయం ఏదో తెలియదు. మా అమ్మాయికి కంప్యూటరు వచ్చు, తెలుగు చదవడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంది. నాకు తెలుగు వచ్చు, కంప్యూటరు బ్యాంకు పని వరకే. ఇద్దరమూ కలిస్తే ఒక మనిషి అయ్యాం. మూడు ఆదివారాలు పట్టింది. మేము నేర్చుకున్నవి మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది, అక్షరాల తంటా. తెలుగు గ్రంథాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. 'జానపద' అన్న మాటకు ఒకరు ఒక 'ఎ' పెడితే ఇంకొకరు రెండు పెడతారు. ఒక రకంగా దొరకకపోతే ఇంకో రకంగా కొట్టి చూడాలి.

రెండోది, జిల్లా పేరు. మేము కృష్ణగిరి, హోసూరు అని వెతికి అలసిపోయాం. అప్పుడు నాకు తట్టింది. కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లో. అంతకుముందు మనం ధర్మపురి జిల్లా, 1965కు ముందు సేలం జిల్లా. 1980లలో రాసినవారు ధర్మపురి అనే కదా రాస్తారు! మన ప్రాంతాన్ని వెతికేవారు ఈ మూడు పేర్లూ వాడాలి.

మూడోది, మాటతో దొరకనప్పుడు విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుని, అందులో తెలుగు శాఖను తెరిచి, పేర్ల పట్టికను వరసగా చూడాలి. పాత పేజీలు స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి లోపలి మాటలు వెతుకులాటలో చిక్కవు. కళ్లతో చూడవలసిందే.

నాలుగోది, గ్రంథం ఒకే ఫైలుగా ఉండదు. ముఖపత్రం, విషయసూచిక, ఒక్కో అధ్యాయం వేరువేరుగా ఉంటాయి. ముందు విషయసూచిక, తర్వాత చివరి అనుబంధాలు తెరవండి. పాటలు, పాడినవారి పేర్లు ఉండేది అక్కడే.

ఎం.ఫిల్. వ్యాసాలు మాత్రం ఇక్కడ ఎక్కువగా దొరకవు. ఆ పట్టాను 2022 నిబంధనలతో ఆపేశారు. పాతవాటికి ఆయా గ్రంథాలయాలకే రాయాలి.

దొరికింది

మూడో ఆదివారం సాయంత్రం, పేరులో ధర్మపురి జిల్లా అని ఉన్న ఒక గ్రంథం తెరిచాం. 1987లో సమర్పించినది. అనుబంధంలో పాటలు పాడినవారి పట్టిక. తొమ్మిదో వరసలో మా అమ్మ పేరు, వయసు 45, మా ఊరి పేరు, చదువు లేదు, వృత్తి వ్యవసాయం. నేను గట్టిగా చదవలేకపోయాను. "ఏమైంది నాన్నా?" అని అమ్మాయి అడిగితే వేలితో చూపించాను. తనకు చదవను రాదు, అయినా అవ్వ పేరని అర్థమైంది.

కృతజ్ఞతల పేజీలో ఇంకో మాట ఉంది. రెండు రోజులు అన్నం పెట్టి, పదకొండు పాటలు ఇచ్చిన తల్లి అని మా అమ్మను పేరుపెట్టి తలుచుకున్నారు. ఆమె మరిచిపోలేదు. పంపడానికి పుస్తకమే లేదు. అచ్చు కాలేదు. టైపు చేసిన నాలుగైదు ప్రతుల్లో ఒకటి బీరువాలో ఉండిపోయింది. ఈ సంగతి తెలియక నేను ఒక మంచి మనిషిని నిందించాను, మా అమ్మ నోరు మూయించాను. మొదటిదానికి ఆ పరిశోధకురాలికి ఈ పత్రిక ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాను. రెండోదానికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

మరుసటి వారం మా అక్క ఇంటికి వెళ్లి పదకొండు పాటలూ చదివి వినిపించాను. అక్కకు డెబ్బయి దగ్గర పడుతోంది. కళ్లు మూసుకుని విన్నది. నాలుగో పాట దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడ ఒక మాట తప్పురా. అమ్మ ఇట్ల పాడేది కాదు" అని తానే అందుకుని పాడింది. నలభై ఏళ్ల తర్వాత ఆ పాట మా ఇంట్లో వినబడింది. అమ్మాయి ఫోనులో రికార్డు చేసింది.

ఒక్క మాట

జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో చేసిన పరిశోధన 1958లో పుస్తకమయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1957లో పెన్సిల్వేనియాలో తెలుగు ధాతువుల మీద చేసిన పరిశోధన 1961లో అచ్చయింది. అలా అచ్చుకెక్కినవి కొన్నే. ఎన్నో ఊళ్ల పాటలు, మాటలు, జాతరలు, కులవృత్తుల వివరాలు అచ్చుకాని గ్రంథాలలోనే ఉన్నాయి. మీ ఊరికీ ఎప్పుడో ఒక సంచి, టేప్ రికార్డరు వచ్చి ఉండవచ్చు. పెద్దవాళ్లను అడిగి చూడండి.

పరిశోధన చేస్తున్న మన పిల్లలకు మాత్రం ఒక హెచ్చరిక. ఉచితంగా దొరికింది కదా అని ఎత్తి రాసుకోవద్దు. 2018 యు.జి.సి. నిబంధనల ప్రకారం పది శాతం దాటితే తిరిగి రాయాలి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఎవరి మాట వాడుకున్నామో వారి పేరు చెప్పడమే మర్యాద. ఆమె మా అమ్మ పేరు చెప్పారు కాబట్టే కదా మాకు అమ్మ మళ్లీ దొరికింది!

ఇప్పుడు ఆదివారాలు మా అమ్మాయి నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతోంది. మొదట నేర్చుకున్నది వాళ్ల అవ్వ పేరు.