ముక్కున వేలేసుకోండి... మచ్చ తగిలిందా?

మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిటారుగా నిలబడితే మీ నీడ మాయమవుతుందని మీకు తెలుసా? ఎవరూ ఎత్తుకుపోలేదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావడంతో అది మీ కాళ్ల కింద దాక్కుంది. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ ఇంకోసారి ఇదే తంతు. ఏడాదికి రెండుసార్లు నీడ కూడా నీడ వెతుక్కునే ఊరు మనది!

ఆ ఎండతో దగ్గరి చుట్టరికం ఉన్న జబ్బు ఒకటుంది. పేరు బేసల్ సెల్ కార్సినోమా, చర్మం పైపొరలో అట్టడుగు వరస కణాల్లో మొదలయ్యే క్యాన్సర్. ముద్దుపేరు బీసీసీ. చివర 'ఐ' లేదు, ఉప్పల్ మ్యాచ్ టికెట్లు అడక్కండి.

మీకు తెలుసా? ప్రపంచంలో మనుషులకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. ఒక్క అమెరికాలోనే ఏటా 36 లక్షల దాకా తేలుతుంటాయని అంచనా. 2011 లెక్కల్లో మన హైదరాబాద్ జిల్లా జనాభా మొత్తం 39 లక్షలు. గుండె పట్టుకున్నారా? వదిలేయండి, ముందుంది అసలు వింత.

ఇంత ఎక్కువగా వచ్చే ఈ క్యాన్సర్‌ను చాలా దేశాల క్యాన్సర్ రిజిస్టర్లు అసలు లెక్కే పెట్టవని మీకు తెలుసా? మరీ ఎక్కువ, పైగా ప్రాణం తీసేది బహు అరుదు, అందుకని వదిలేశారు. ఓటర్ల జాబితాలో పెద్ద కుటుంబం పేర్లే గల్లంతైనట్టు!

ఒంట్లో వేరే చోటికి పాకడం దీని స్వభావం కాదు. నూటికి ఒక్కరిలో కూడా పాకదు. గడప దాటని పెద్దమనిషి. కాకపోతే ఉన్న ఇంటినే కొరుక్కుతింటాడు: వదిలేస్తే చర్మం, మృదులాస్థి, ఆపైన ఎముక. 1827లో డబ్లిన్ కంటి డాక్టర్ ఆర్థర్ జాకబ్ ఈ పుండును వర్ణించాడు. తర్వాత దానికి 'రోడెంట్ అల్సర్' అన్న పేరు స్థిరపడింది, ఎలుక కొరికినట్టుంటుందని. వినాయకుడి వాహనానికి ఈ అపవాదు కూడా మిగిలింది.

మరి ఎక్కడ కొరుకుతుంది? పదింట ఎనిమిది తల, మెడ మీదే. అందులోనూ దానికి మహా ఇష్టమైన అడ్రసు ముక్కు! ఆశ్చర్యపోయి ముక్కున వేలేసుకునే అలవాటు మనవాళ్లకు ఊరికే రాలేదేమో.

మీకు తెలుసా? మన చర్మంలోని మెలనిన్ మనకు పుట్టుకతో వచ్చిన గొడుగు. తెల్లతోలు వాళ్లతో పోలిస్తే మన దేశంలో చర్మ క్యాన్సర్లు చాలా తక్కువ. అంటే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బోర్డు బోర్డుకూ "తెల్లబడండి" అని పిలుస్తున్నది ఈ గొడుగు అమ్మేసుకోమనే! (ఇది నా సొంత కడుపుమంట.)

గొడుగుకూ ఓ చిక్కుంది. తెల్లవాళ్లకు బీసీసీ ముత్యంలా మెరిసే బుడిపెగా, సన్నటి ఎర్రటి రక్తనాళాలతో కనిపిస్తుంది. మన రంగు మీద చాలాసార్లు నల్లగా, అచ్చం పుట్టుమచ్చలా వేషం కడుతుంది. ముక్కు మీద మచ్చ అదృష్టమని చెప్పే శాస్త్రాలు మనకు బోలెడు. అయ్యా, అరవయ్యో ఏట వచ్చినదాన్ని పుట్టుమచ్చ అని ఎలా అంటాం?

"ఏం లేదులేవే, గడ్డం గీసుకుంటుంటే తెగింది." ఈ డైలాగు మీ ఇంట్లోనూ విన్నారా? మానినట్టే మాని, మళ్లీ పొక్కు కట్టి, మళ్లీ రక్తం కారే పుండు బీసీసీకి పెద్ద ఆనవాలు. ఆరు నెలలుగా ఒకేచోట తెగుతోందంటే తప్పు బ్లేడుది కాదండీ! పులిపిరి అనుకుని సున్నం, సోడా పెట్టే ఇంటివైద్యులు కాస్త చేతులు కడుక్కోవచ్చు. స్కిన్ డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే గుట్టు బయటపడుతుంది.

సినిమాలో ఎంత గాయమైనా క్షణంలో మానిపోయే వుల్వరీన్‌కు కూడా ఇది వచ్చిందని మీకు తెలుసా? హాలీవుడ్ నటుడు హ్యూ జాక్‌మన్ ముక్కు మీద 2013లో బీసీసీ తేలింది. చూపించుకోమన్నది ఎవరు? అప్పటి భార్య. ఇనుప గోళ్లవాడైనా ఇంట్లో చెప్పిన మాట వినక తప్పలేదు. అమెరికా అధ్యక్షుడు రీగన్ ముక్కుకూ 1985లో ఇదే కథ.

పశ్చిమ దేశాల్లో కనురెప్ప మీద వచ్చే క్యాన్సర్లలో అత్యధికం బీసీసీలే. మరి మన దగ్గర? బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లు 536 మంది రోగుల వివరాలతో 2019లో వెలువరించిన అధ్యయనం చూడండి: రెప్పల్లోని నూనె గ్రంథుల క్యాన్సర్‌కు 53 శాతంతో మొదటి ర్యాంకు, బీసీసీకి 24 శాతంతో రెండో ర్యాంకు. కోచింగ్ సెంటర్ల రాజధానికి పక్క ఊరి టాపర్ వచ్చి సెకండ్ ర్యాంకుతో సరిపెట్టుకున్నాడన్నమాట!

కోచింగ్ అంటే గుర్తొచ్చింది. ముఖమంతా చున్నీ చుట్టి, కళ్లు మాత్రం వదిలి స్కూటీ మీద దూసుకుపోయే అమ్మాయిలను దిల్‌సుఖ్‌నగర్‌లో చూడనివారు ఉండరు. బందిపోట్లలా ఉన్నారని నవ్వకండి. దగ్గరి నేత, ముదురు రంగు బట్ట అతినీలలోహిత కిరణాలను బాగా ఆపుతుంది. బీసీసీకి ఇష్టమైన ముక్కు మొదట దాక్కునేది అందులోనే. ట్యూబు సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి. చున్నీకి ఆ బాధ లేదు.

కారు అద్దం ఎక్కించాం, ఇక ఎండ తగలదనుకున్నారా? పక్క అద్దం ఆ అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బీ రకాన్ని ఆపుతుంది, యూవీ-ఏ రకం చాలావరకు లోపలికొస్తుంది. డ్రైవర్ ఎడమవైపు కూర్చునే అమెరికాలో చర్మ క్యాన్సర్లు ఎడమవైపే కాస్త ఎక్కువని తేలింది. ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడ బండి తోలే అన్నలూ, మన స్టీరింగు కుడివైపు కదూ!

మీకు తెలుసా? 1945లోనే మన డాక్టర్లు ఖనోల్కర్, సూర్యాబాయి 'ధోవతి క్యాన్సర్' గురించి రాశారు. నడుముకు ఏళ్ల తరబడి బిగించి కట్టిన చోట ఒరిపిడితో వచ్చేది. ఆ తర్వాత చీర క్యాన్సర్ అన్న పేరూ వచ్చింది. ఇది బీసీసీ కాదు, దాని అన్నదమ్ముల వరస స్క్వామస్ రకం. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులవాళ్లు కంగారుపడొద్దు. నేరం చీరది కాదు, లంగా బొందుది!

ఇక మందుల మాయాబజారు. 1895లో ఎక్స్‌రే కనిపెడితే, 1899కల్లా స్టాక్‌హోంలో ఓ మహిళ ముక్కు మీది బీసీసీకి ఆ కిరణాలే వైద్యమయ్యాయి. తొమ్మిది నెలల్లో వందకు పైగా సార్లు ఇచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆమె నిక్షేపంగా ఉంది!

ఇప్పుడు ఎక్కువగా చేసేది కోత. చిన్నవాటికి చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలిపి తీస్తారు. ముక్కు మీద అంత చోటు ఎక్కడిది? అక్కడికే అమెరికా డాక్టర్ ఫ్రెడరిక్ మోస్ వచ్చాడు. పొర తీయడం, మైక్రోస్కోపులో చూడడం, మిగిలిన చోటే మళ్లీ తీయడం. మొదటిసారి వచ్చిన బీసీసీలో 99 శాతం దాకా నయం! మొదట్లో జింక్ క్లోరైడ్ లేపనం రాసి రోజంతా ఆగేవాడు. 1953లో ఈ సర్జరీని సినిమా తీస్తుంటే ఆలస్యమవుతోందని లేపనం మానేసి అప్పటికప్పుడు చేసేశాడు. అదే మెరుగైన పద్ధతి అయింది. షూటింగు తొందరవల్ల మేలు జరిగిన ఏకైక సందర్భం కావచ్చు.

పైపైన ఉండే రకానికి పూతమందు ఇమిక్విమాడ్ ఉంది, 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు అది దేనికి మందో తెలుసా? పులిపిర్లకు!

ఇది మాత్రం ఊపిరి బిగబట్టి చదవండి. 1950ల్లో అమెరికాలోని ఇడాహోలో గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. కారణం అవి మేసిన ఓ అడవి మొక్క. అందులోని పదార్థానికి ఒంటికన్ను రాక్షసుడి పేరు మీద సైక్లోపమైన్ అని పెట్టారు. అది శరీరంలో ఆపేది 'హెడ్జ్‌హాగ్' అనే సంకేతాల వరసను. ఆ వరస అదుపు తప్పితేనే బీసీసీ! ఆ సంకేతాల్లో ఒకదాని పేరు 'సోనిక్ హెడ్జ్‌హాగ్', అవును, వీడియో గేమ్ బొమ్మే. అదే వరసను ఆపే విస్మోడెగిబ్ మాత్రకు 2012 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. కోతకు లొంగని ముదిరిన బీసీసీకి అదే తొలి మాత్ర. గర్భిణులు దాన్ని తాకకూడదు, ఎందుకో ఆ గొర్రెలను అడగండి. వేసుకున్నవాళ్లలో చాలామందికి నాలుక రుచి పోతుంది. కొత్తపేట మిర్చిబజ్జీ తిన్నా చప్పగా ఉండే ఏకైక పరిస్థితి!

చివరి ప్రశ్న. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే లక్డీకాపూల్ ఎన్నో స్టేషన్? పన్నెండోది. దిగితే దగ్గర్లోనే రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. దిగకుండా ముందుకెళ్తే పంజాగుట్టలో నిమ్స్. ఖర్చు భయమా? రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఇక పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి సీటు సంపాదించినవారెవరైనా ఉంటే మాకు రాయండి, వచ్చే విశేషాల్లో మొదటి రికార్డు మీదే!