జొన్నమొక్కలో సైనైడ్ లేదు

"తాతల కాలం నుంచి మా పశువులకి జొన్నచొప్పే మేత. అలాంటిది, కోసిన చేలో చిగిర్చిన జొన్నపిలకలు మేసి పాడి ఆవు గంటలోపే పడిపోయింది. ఒకే మొక్క ఒకప్పుడు మేత, ఒకప్పుడు విషం ఎలా అవుతుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. మన రైతులు 'నాము' అని భయపడేది దీన్నే.

నాములో చంపేది సైనైడ్ అని చాలామందికి తెలుసు. కానీ చేలో నిలబడి ఉన్న జొన్నమొక్కలో సైనైడ్ దాదాపు ఉండదు. పశువు నమిలినప్పుడే అది పుడుతుంది! మొక్క తయారుచేసుకునేది ధుర్రిన్ అనే పదార్థం. అందులో సైనైడ్ చక్కెరకి కట్టుబడి ఉంటుంది కాబట్టి దానంతట అది హాని చెయ్యదు. ఆ కట్టు విప్పే ఎంజైమ్ కూడా అదే ఆకులో ఉంది. మరి మొక్క తన విషానికి తానే ఎందుకు చావదు? 1979లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఎరిక్ కాన్ బృందం ఆకుని పొరలుగా విడదీసి చూసింది. ధుర్రిన్ పైపొర కణాల్లో ఉంది, ఎంజైమ్ లోపలి పచ్చటి కణాల్లో ఉంది. మధ్యలో ఉన్నవి కంటికి కనపడనంత పలచటి కణాల గోడలు, అంతే. పశువు పళ్ల కింద ఆ గోడలు చిదిగిపోగానే రెండూ కలుస్తాయి. ఎంజైమ్ చక్కెరని తెంపేస్తుంది, మిగిలిన ముక్క నిలవలేక చీలిపోతుంది, హైడ్రోజన్ సైనైడ్ బయటపడుతుంది. ఇంత పొందికైన ఏర్పాటు గడ్డిజాతి మొక్కలో ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నెమరువేసే పశువుకి ప్రమాదం ఇంకా ఎక్కువ. గుర్రం కడుపులోని ఆమ్లం ఎంజైమ్‌ని దెబ్బతీస్తుంది. ఆవు పెద్దపొట్టలో అంత ఆమ్లం ఉండదు, పైగా అక్కడి సూక్ష్మజీవులు కూడా ధుర్రిన్‌ని విడగొడతాయి. రక్తంలో చేరిన సైనైడ్, కణాలు ఆక్సిజన్‌ని వాడుకునే చివరి మెట్టుని మూసేస్తుంది. నెత్తుటి నిండా ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే నాము తగిలిన పశువు సిరల్లో సైతం నెత్తురు ఎర్రగా మెరుస్తుంది.

ఈ రంగుని పట్టించుకుని ఉంటే ఒక పొరపాటు తప్పేది. 19వ శతాబ్దం చివర మన దేశంలో పనిచేసిన పీజ్ అనే పశువైద్యుడు జొన్నకాండంలో నైట్రేట్ పేరుకుని ఉండడం చూసి నేరం దానిమీద మోపాడు. వానలేక వాడిన జొన్నలో నైట్రేట్ చేరడం, దానితో పశువులు చావడం నిజమే. కానీ నైట్రేట్ విషం నెత్తుటిని గోధుమరంగుకి తిప్పుతుంది. 1902లో లండన్‌లో డన్‌స్టన్, హెన్రీ ఈజిప్టు జొన్న నుంచి ధుర్రిన్‌ని వేరుచేసి అసలు దోషిని పట్టుకున్నారు.

ఇక పాఠకుడి ప్రశ్న. మూడు నాలుగు రోజుల జొన్నమొలక కొసలో, ఎండు బరువు లెక్కన, 30 శాతం దాకా ధుర్రిన్ ఉండగలదు. మొక్క ఎదిగేకొద్దీ అది పలచబడుతుంది. ముదిరి ఎండిన చొప్పలో భయపడేంత మిగలదు. కోసిన మోడు నుంచి వచ్చే పిలక మాత్రం మళ్లీ లేతదే. వాన మొహం చాటేసి ఎదుగుదల ఆగినా, యూరియా ఎక్కువ పడినా ధుర్రిన్ పెరుగుతుంది. శరీర బరువులో కిలోకి సుమారు 2 మిల్లీగ్రాముల సైనైడ్ ప్రాణాంతకం. అంటే 300 కిలోల ఆవుకి 600 మిల్లీగ్రాములు. కిలో పచ్చిమేత నుంచి 200 మిల్లీగ్రాములు పుట్టే చేలో ఆకలితో ఉన్న ఆవు 3 కిలోలు గబగబా మేస్తే చాలు.

అసలు ధుర్రినే లేని జొన్నని ఆస్ట్రేలియాలో సృష్టించి 2012లో ప్రకటించారు. కానీ లేతప్రాయంలో అది నెమ్మదిగా ఎదిగింది.

పూతకి రాని జొన్నని, బెట్టకి వాడిన చేనుని, కోతయ్యాక వచ్చిన పిలకని పచ్చిగా మేపకండి. ఆకలిగా ఉన్న మందని అటు అసలే తోలకండి. పశువు వణుకుతూ, ఎగశ్వాసతో తూలితే వెంటనే డాక్టరుని పిలవండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సిరలోకి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది, ఆలస్యమైతే లేదు. లేత పచ్చిమేతే కావాలనుకునేవాళ్లు సజ్జ వేసుకోండి. సజ్జలో ధుర్రిన్ లేదు.