56వ ఎత్తు దగ్గర శకటుకు మిగిలినవి మూడు గళ్లు

పాత నెల్లూరు జిల్లా తీరం దక్షిణ కొసన తడ. అక్కడి నుంచి నైరుతికి వెళితే సత్యవేడు ప్రాంతం. చెన్నైలో పుట్టిపెరిగిన దొమ్మరాజు గుకేశ్ కుటుంబం మూలాలు అక్కడివే. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో అతడు చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడు. వయసు 18. అంతకుముందు అతి పిన్న వయసు తిరుగులేని విజేత కాస్పరోవ్; 1985లో గెలిచినప్పుడు వయసు 22.

ఆ రోజుది 14వ ఆట, చివరిది. స్కోరు 6.5–6.5. తెల్లపావులు ప్రత్యర్థి డింగ్ లిరెన్‌వి. తెల్లపావులకు మొదటి ఎత్తు 20 రకాలుగా వేయొచ్చు. డింగ్ గుర్రాన్ని ఎఫ్3కి దూకించాడు. 3వ ఎత్తుకల్లా శకటును, అంటే బిషప్‌ను, జి2లో కూర్చోబెట్టాడు. ఇది తిరగేసిన గ్రున్‌ఫెల్డ్. అసలు గ్రున్‌ఫెల్డ్‌ను ఆడేది నల్లపావులవాళ్లు: ఎదుటివాణ్ణి నడిబోర్డు ఆక్రమించనిచ్చి, ఆ బంట్లను పక్కనుంచి శకటుతో కొడతారు. డింగ్ అదే పద్ధతిని ఒక ఎత్తు అదనంగా చేతిలో పెట్టుకుని ఆడాడు. మంచి ఎంపికే. ఓటమికి కారణం ఓపెనింగ్ కాదు.

జి2లో ఉన్న శకటుకు ఖాళీ బోర్డు మీద 9 గళ్లు అందుతాయి. నడిబోర్డులో అయితే 13. మూలలో 7, అదీ ఒకే వరసలో. ఆట ముదిరేసరికి జి2 నుంచి బయల్దేరిన ఆ శకటే అదే వాలుగీత చివర ఎ8 మూలకు చేరింది. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు ఉన్నంతకాలం అది డ్రా అయ్యే ఆటే.

55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చేసుకుని, తన శకటును డి5లో పెట్టాడు. వెనక రాజు కాపలా. ఎ8 శకటుకు మిగిలినవి బి7, సి6, డి5. మొదటి రెండింటికి వెళ్తే గుకేశ్ శకటు కొడుతుంది. మూడోదాన్ని తీసుకుంటే రాజు కొడతాడు. ఎటు తిరిగినా మార్పిడి తప్పదు. మార్పిడి అయ్యాక మిగిలేది రాజులు, రెండు బంట్లకు ఒక బంటు. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. తుది స్కోరు 7.5–6.5.

గుకేశ్ సన్నాహక బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నారన్నది తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన మాట.

సూళ్లూరుపేట నుంచి కావలి దాకా చదరంగం నేర్పే మాస్టార్లకు ఒక మనవి. ఈ ఆటను పిల్లల చేత బోర్డు మీద ఆడించండి. 3వ ఎత్తు దగ్గర ఒకసారి, 56వ ఎత్తు దగ్గర ఇంకోసారి ఆపి, తెల్ల శకటుకు ఎన్ని దారులున్నాయో వాళ్ల చేతే లెక్కపెట్టించండి.