తాడు పట్టేదెవరు?

ఎడిటరు గారి ఫోను సోమవారం పొద్దున్నే మోగింది. “పిల్లలు పాచికలు వేసుకుంటూ ఏదో రాక్షసుల ఆట ఆడుతున్నారట. అందులో కొత్త వీరుల్ని వాళ్లే తయారుచేస్తారట. గురువారం సాయంత్రానికి ముఖచిత్ర కథనం కావాలి.” మార్కాపురంలో కూర్చున్న నాకు దొరికిన ఆధారం ఒక్కడే, సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు. వాడి నోటుపుస్తకంలో ఒక పేజీకి పైన ‘చెంచు’ అని పెద్దక్షరాలు, కింద ఏవో లెక్కలు.

ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. 2014 నాటి అయిదో కూర్పులో పన్నెండు క్లాసులు. యోధుడు, మాంత్రికుడు, అడవిలో తిరిగే రేంజర్ వగైరా. క్లాసు వృత్తి అనుకుంటే సబ్‌క్లాసు ఆ వృత్తిలో ఒకడి పనివాటం. రేంజరుకు అది మూడో లెవెల్లో వస్తుంది; 7, 11, 15 లెవెళ్లలో కొత్త విద్యలు అబ్బుతాయి. చరిత్ర ఇంతటితో చాలు.

మావాడి చెంచు రేంజరుకు వాడు సొంతంగా రాసుకున్న సబ్‌క్లాసు. కనపడకుండా మాయమవుతాడు. పులితో మాట్లాడతాడు. వేసే ప్రతి బాణానికీ ఎనిమిది ముఖాల పాచికంత దెబ్బ అదనం. ముందు నవ్వొచ్చింది, ఆనక చిరాకేసింది. పులితో మాట్లాడే చెంచు సినిమాలో ఉంటాడేమో గానీ మన దోర్నాల బస్టాండులో లేడు.

“పేరు సంగతి తర్వాత మామా, ముందు లెక్క చూడు” అని ఫోనులో ఒక పత్రం తీశాడు. ఈ మూడు రోజుల్లో నన్ను నిజంగా పట్టుకున్నది అదే. ఆట నియమాల సారం, నాలుగు వందల పేజీల పైమాట. 2023 జనవరిలో ఆటగాళ్లు పెద్ద గొడవ చేశాక ఆటను అమ్మే కంపెనీ దాన్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. మూలం పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. అందులో ఒక్కో క్లాసుకు ఒక్కటే సబ్‌క్లాసు, రేంజరుకు హంటర్. ఆ హంటర్ ఎంచుకోదగ్గ విద్యల్లో ఒకదానికీ అదే ఎనిమిది ముఖాల పాచిక. కాకపోతే రెండు ముడులు వేశారు. ఎదుటివాడు అప్పటికే గాయపడి ఉండాలి. టర్నుకు ఒక్కసారే.

ఆ ‘ఒక్కసారే’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిది ముఖాల పాచిక సగటు 4.5. అయిదో లెవెల్ నుంచి రేంజరు ఒక టర్నులో రెండు బాణాలు వేయగలడు. రెండూ తగిలితే మావాడి చెంచుకు అదనం 9, హంటరుకు 4.5. అలాంటి చెంచు ఉంటే ఇక బల్ల చుట్టూ ఉన్న మిగతా నలుగురూ గుగ్గిళ్లు తింటూ కూర్చోవాల్సిందే. ఆ ‘ఒక్కసారే’ అన్న ఒక్క మాటతో వాళ్లందరికీ పని మిగిల్చాడు హంటర్‌ను రాసినాయన.

పలక మీద ప్రాణాలు

ఆటలో ప్రాణాల లెక్క, అంటే హిట్ పాయింట్లు, మాటిమాటికీ మారుతుంది. రబ్బరు పెట్టి చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడుతుంది. అటక మీది పాత మార్కాపురం రాతిపలక దించాను. చట్రం ఒక మూల ఊడింది. తడిగుడ్డతో తుడిస్తే నల్లగా తేలింది. మావాడు బలపంతో 28 వేశాడు. గోబ్లిన్ దెబ్బ తగలగానే వేలితో తుడిచి 22. పలక బెంగళూరు పట్టుకుపోతానన్నాడు. ఇవ్వలేదు.

ఇక తాడు దగ్గరికి

హంటరు ‘టర్నుకు ఒక్కసారే’ సరే, మరి మన అడవిలో అంత బిగువైన నియమం లేదా? నల్లమలలో కొండచరియకు పట్టిన తేనె తీయడానికి చెంచు తాడు మీద లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టేది బావమరిదే అని చెబుతారు. సొంత తమ్ముడికి కూడా ఇవ్వరట. తోబుట్టువు తాళి తెగకూడదు గనుక బావమరిది చచ్చినా తాడు వదలడు. (ఆ లెక్కన మా బావ తాడు నా చేతిలో ఉంది. ఈ మాటకు మావాడు కిసుక్కున నవ్వాడు.)

రెండు రాత్రులు కూర్చుని పేజీ తిరగరాశాం. ఒక జాతిని వృత్తిగా రాయడం నాకు మింగుడుపడలేదు. చెంచుల్లో పులుల అభయారణ్యంలో కాపలా ఉద్యోగం చేసేవాళ్లూ ఉన్నారు. వాడు కాసేపు మొండికేసి, చివరికి పేరు ‘తేనెతాడు’గా మార్చాడు. మూడో లెవెల్లో ఈ వీరుడు జట్టులో ఒకరిని తాడు పట్టే మనిషిగా ఎంచుకోవాలి. ఆ మనిషి ముప్ఫై అడుగుల్లో ఉంటేనే పాచిక అదనం, అదీ టర్నుకు ఒక్కసారే. ఈ ఆటలో ఎత్తు నుంచి పడితే పది అడుగులకో ఆరు ముఖాల పాచిక దెబ్బ. తేనెతాడు జారితే తాడు పట్టిన మనిషి తన రియాక్షన్, అంటే అప్పటికప్పుడు స్పందించే అవకాశం, వదులుకుని ఆ దెబ్బ మొత్తం ఆపొచ్చు. కానీ రౌండుకు రియాక్షన్ ఒక్కటే, తన మీదికి కత్తి వచ్చినా మళ్లీ దొరకదు.

బల్ల దగ్గర ఇప్పుడు ఇద్దరికి పని పడింది. నా మటుకు నాకు పులితో మాట్లాడేవాడి కంటే వీడే నచ్చాడు.

కంభం చెరువు తూముల దగ్గర నీళ్లు పంచే నీరుగంటిని డ్రూయిడ్ అనే క్లాసులో రాయాలని మావాడి తరువాతి ఆలోచన. తేనెతాడుకు మాత్రం ఏడో లెవెల్ ఇంకా ఖాళీ. గిద్దలూరు, దిగువమెట్ట వైపు తాడు పట్టిన పెద్దవాళ్లెవరైనా ఇది చదివితే, ముడి ఏ చెట్టుకు వేస్తారో, కిందివాడు పైకి సైగ ఎలా చేస్తాడో పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి.