ఇంటి బాటరీని నింపు క్రమము

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. స్తంభములు కూలి, తీగెలు తెగి, ఆ నగరమందును చుట్టుపట్టుల గ్రామములయందును పెక్కిండ్లు పలుదినములు చీకటిలో నుండెను. అటుపిమ్మట మేము మా యింటికప్పుపై సోలారు పలకలను, క్రింద నాలుగు బాటరీలను, మబ్బుదినములకై యొక చిన్న జెనరేటరును అమర్చుకొంటిమి. బాటరీలు అయిదారేండ్లు నిలుచునని తలచితిమి. మూడవయేటనే అవి రెండుగంటల దీపమునకైనను చాలకపోయెను. పరీక్షల దినములలో పిల్లలు క్రొవ్వొత్తియొద్ద చదువుకొనవలసివచ్చెను.

మరమ్మతునకు వచ్చిన మేస్త్రి హైడ్రోమీటరుతో ఆమ్లమును పరీక్షించి, "మాష్టరుగారూ, మీరు వీనికి దినదినమును తిండి పెట్టితిరి గాని, ఒక్కనాడైనను కడుపునిండ పెట్టలేదండి" అనెను. ఆ మాటయందలి సత్యమును విద్యార్థులును వారి తలిదండ్రులును ఎఱుంగుట మేలని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

సీసపు బాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. దాని మూలసూత్రము నేటికిని మారలేదు. సీసపు పలకలు గంధకికామ్లములో మునిగియుండును. మనము విద్యుత్తును వాడుకొనునప్పుడు ఆ పలకలపై సీసపు సల్ఫేటు పొరగా నేర్పడును, ఆమ్లము పలుచనగును. మరల విద్యుత్తును ఎక్కించినచో ఆ పొర కరగి, ఆమ్లము చిక్కనగును. కాని బాటరీని పలుదినములు అరకొరగా నింపి విడిచినచో, మిగిలిన సల్ఫేటు గట్టిపడి పెద్ద స్ఫటికములగును. అవి పిమ్మట సులభముగా కరగవు. అంతమేరకు బాటరీ శక్తి నశించినట్లే. మా బాటరీలకు పట్టిన రోగ మిదియే.

అట్లయిన ప్రతిదినమును పూర్తిగా నింపరాదా యని యడుగవచ్చును. చిక్కంతయు నిక్కడనే యున్నది. గోనెసంచిలో ధాన్యము నింపునప్పుడు మొదట చాటలతో గుమ్మరింతుము. మూతి దగ్గఱపడగా సంచిని కుదించుచు గుప్పెడు గుప్పెడుగా పోయుదుము. బాటరీయు నట్టిదే. ఖాళీగా నున్నప్పుడు హెచ్చు ప్రవాహమును గ్రహించును. సుమారు అయిదింట నాలుగుపాళ్లు నిండినపిమ్మట, ఎంత పెద్ద యంత్రమును తగిలించినను, కొంచెము కొంచెముగానే గ్రహించును. ఆ కడపటి పాలు నిండుటకు పలుగంటలు పట్టును.

మా బాటరీలు కలిసి 24 వోల్టులు, 300 ఆంపియరు గంటలు. వానకాలమున మేము సాయంకాలము ఒకగంట జెనరేటరు నడపి, 30 ఆంపియరు గంటలు ఎక్కించెడివారము. అది రాత్రి దీపములకు సరిపోయెడిది. కడపటి పాలు ఎన్నడును నిండలేదు. తప్పు తెలిసిన పిమ్మట, నిండువఱకు జెనరేటరునే నడపి చూచితిమి. చివరి గంటలలో బాటరీలు గ్రహించినది 5 ఆంపియరులు మాత్రమే. 28.8 వోల్టులవద్ద అది 144 వాట్టులు. రెండువేల వాట్టుల యంత్రము అంత స్వల్పమైన పనికై తిరుగుచుండగా, తైలములో నధికభాగము యంత్రము తన్ను తాను త్రిప్పుకొనుటకే వ్యయమాయెను.

కావున సరియైన క్రమమేమనగా, జెనరేటరును సాయంకాలము గాక ఉదయమున నడుపవలెను. రాత్రి వాడుకచే సగము ఖాళీయైన బాటరీ అప్పుడు 30 ఆంపియరులను చక్కగా గ్రహించును. మూడుగంటలలో 90 ఆంపియరు గంటలు చేరి, అయిదింట నాలుగుపాళ్లు నిండును. అంతట యంత్రమును నిలిపివేసి, నిదానముగా జరుగు కడపటి పనిని సూర్యునికి అప్పగింపవలెను. 1000 వాట్టుల పలకలు పలుచని మబ్బులోనైనను ఆ కొద్దిపాటి ప్రవాహము నీయగలవు. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత యిచ్చట అక్షరాల చెల్లును.

దట్టమైన ముసురు వారముదినములు విడువకున్నచో, ఒకనాడు జెనరేటరుతోనే బాటరీని పూర్తిగా నింపవలెను. ఆనాడే నీటిపంపును, పిండిమరను గూడ నడపుకొన్నచో తైలము వృథా కాదు.

నిండినదో లేదో తెలిసికొనుట యెట్లు? ఎక్కించుచున్నప్పుడు వోల్టేజి హెచ్చుగా కనబడును. దానిని నమ్మి మోసపోరాదు. కొన్నిగంటలు విశ్రాంతినిచ్చి కొలిచినచో, 12 వోల్టుల బాటరీ నిండియున్న 12.7 వోల్టులకు దరిదాపుగాను, సగమున్న 12.2 వోల్టులకు దరిదాపుగాను చూపును. మన యెండకాలమున బాటరీగది 40 డిగ్రీలకు చేరినప్పుడు, 24 వోల్టుల బాటరీకి ఎక్కించు వోల్టేజిని సుమారు అరవోల్టు తగ్గింపవలెను. లేనియెడల నీరు త్వరగా ఇంకిపోవును. తఱుగును స్వేదనజలముతోనే పూరింపవలెను, ఆమ్లమును పోయరాదు.

రెండు అపాయములను మఱువరాదు. నిండుచున్న బాటరీనుండి మండెడి హైడ్రోజను వాయువు వెలువడును. కావున ఆ గదిలో గాలి యాడవలెను, నిప్పు చేరరాదు. జెనరేటరు పొగలోని కార్బను మోనాక్సైడు వాసనలేని విషము. దానిని గదిలోగాని, వరండాలోగాని, కిటికీయొద్దగాని ఎన్నడును నడుపరాదు.

ఇప్పుడు వచ్చుచున్న లిథియము ఐరను ఫాస్ఫేటు బాటరీలకు సల్ఫేటు బాధ లేదు. అవి సగము నిండియుండినను చెడవు. వానికి వాని నియమములు వేఱు. సీసపు బాటరీ కలవారు మాత్రము పైక్రమమును పాటింపవలెను.

మేమట్లు చేయుచుండగా, క్రొత్తగా కొన్న బాటరీలు ఆరవయేడును దాటినవి. తైలపు ఖర్చును తగ్గినది. మొదటి నాలుగుపాళ్లు త్వరగా నిండును. కడపటి పాలు ఓర్పును కోరును. బాటరీ నిలుచుట ఆ కడపటి పాలుచేతనే. పాఠములు చదువు బాలురకును బాలికలకును ఇది క్రొత్తమాట కాదనుకొందును.